నిదానంగాడి ఇంటర్వ్యూలు

నాకు నోరెక్కువని మా ఇంట్లోవాళ్ళే కాదు, నా దగ్గర కారు నేర్చుకున్న ప్రతివాళ్ళూ అంటారు. అననివ్వండి. డ్రైవింగ్ నేర్పే మనిషి నోరు మూసుకుని కూర్చుంటే నేర్చుకునేవాళ్ళు నేరుగా గోడలోకే పోతారు. నా కారులో నేను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్ళు తొక్కడం మరిచిపోతే నేను తొక్కుతాను. తొక్కుతూ నాలుగు తిడతాను కూడా. అందుకే నాకు "బ్రేకు మేడమ్" అని పేరు పెట్టారు. ముఖాన అనే ధైర్యం లేదు గానీ వెనకాల అనుకుంటారని నాకు తెలుసు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లోనే ఓడిపోయాను. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పినదాన్ని, కన్నకొడుక్కి నేర్పలేకపోయాను. వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పాను. నాలుగో రోజు పొద్దున్నే "అమ్మా, నేను బస్సులో తిరుగుతాలే" అన్నాడు. పీడా విరగడైందనుకున్నాను.

వాడికి నిదానం అని పేరు పెట్టింది కూడా నేనే. అన్నం దగ్గర అందరూ లేచి చేతులు కడుక్కున్నా వాడు సగంలోనే ఉంటాడు. ఒక మాట అడిగితే జవాబు వచ్చేలోపు మనం ఇల్లు ఊడ్చుకోవచ్చు. చిన్నప్పుడు ఎవరైనా "బాబూ, ఏ క్లాసు?" అని అడిగితే వీడు నోరు తెరిచేలోపు నేనే చెప్పేసేదాన్ని. అడిగినవాళ్ళని ఎంతసేపని నిలబెడతాం?

అలాంటివాడు డాక్టరు చదువులో చేరాడు. చదివాడనడం కంటే ఈదాడనడం నయం. రెండో సంవత్సరం రెండుసార్లు తప్పాడు. ఆఖర్న అందరూ రాసే పెద్ద పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. పట్టా అయితే వచ్చింది. కానీ ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ, అంటే పెద్ద డాక్టర్ల కింద కొన్నేళ్ళు శిక్షణ, చేస్తే తప్ప ఆ పట్టాతో జలుబుకి కూడా సొంతంగా మందు రాయడానికి లేదు. రెసిడెన్సీ ఇచ్చే ఆసుపత్రులు ముందు చూసేది మార్కులు. రెండు చలికాలాలు వరసగా దరఖాస్తులు పెట్టాడు, ఒక్కరూ పిలవలేదు. పట్టా పుచ్చుకున్న మూడేళ్ళలో సీటు రాకపోతే ఇక దరఖాస్తు పెట్టుకునే దారి కూడా మూసుకుపోతుంది. నేను చెప్పేది ఆ మూడో చలికాలం సంగతి.

అప్పటికి వాడు ఒక క్లినిక్కులో పనిచేస్తున్నాడు. వచ్చినవాళ్ళ బరువు, బీపీ చూసి కాగితం మీద రాసి లోపలి డాక్టరుకి పంపడం, అంతే. ఎవరైనా పొరపాటున "డాక్టరుగారూ" అంటే సిగ్గుపడిపోయి "ఇంకా కాలేదండీ" అనేవాడు. ఒకసారి నేను మా అత్తగారిని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఆ మాట నా చెవిన పడింది. ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు.

ఆ ఏడాది రెండు ఆసుపత్రులు ఇంటర్వ్యూకి పిలిచాయి. వాడి పాత ప్రొఫెసరుగారు ఒకాయన గట్టిగా సిఫారసు చేశారట, ఆయన కడుపు చల్లగా ఉండాలి. ఒకటి మా ఊళ్ళోనే ఉన్న పేరుమోసిన పెద్దాసుపత్రి. ఇంటర్వ్యూ కంప్యూటరులోనే చేస్తారు. రెండోది ఎక్కడో దూరాన చిన్న ఊళ్ళో ఉన్న ఆసుపత్రి, అది చలికాలం చివర్లో. నా ఆశంతా మొదటిదాని మీదే.

ఇక మా ఇంట్లో బడి మొదలైంది. భోజనాల బల్లకి ఇటు నేను, అటు వాడు. కాళ్ళు సరిగ్గా కదలని మా అత్తగారిది కిటికీ పక్క మంచం మీంచి పర్యవేక్షణ. మా ఆయన బేకరీలో రొట్టెలు కాలుస్తారు. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని ప్రేక్షకుడిలా కూర్చునేవారు.

"రెండో ఏడాది ఎందుకు తప్పావని అడుగుతారు. ఏం చెప్తావు?" అన్నాను.

వాడు బల్ల మీద చూపు పెట్టి ఆలోచించసాగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదిగో, ఇలా నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నావంటే వాళ్ళు లేచిపోతారు. ఆ ఏడాది మా అమ్మకి ఆపరేషన్ అయిందండీ, చదవలేకపోయానండీ అని చెప్పు."

"నీకు ఆపరేషనేం కాలేదు కదమ్మా."

"వాళ్ళకేం తెలుసు?"

మంచం మీంచి మా అత్తగారు అందుకున్నారు. "ఆపరేషనంటే ఏం బరువుంటుందే అమ్మాయ్? నానమ్మ పోయిందని చెప్పమను. నేనేమీ అనుకోను."

"నువ్వు బతికే ఉన్నావుగా నానమ్మా."

"ఎన్నాళ్ళుంటానురా? కాస్త ముందుగా వాడుకో."

"నా వంతు ఎప్పుడో చెప్తే బేకరీలో సెలవు పెట్టుకుంటాను" అన్నారు మా ఆయన.

అందరం నవ్వాం. వాడూ నవ్వాడు, కాకపోతే అందరి తరవాత.

ఇంటర్వ్యూ రోజున వాడికి మా ఆయన కోటు వేశాను. భుజాల దగ్గర వదులైతే వెనకాల గుండుసూదులు పెట్టి బిగించాను. కంప్యూటరు బల్ల మీద పెట్టి వాడిని కూర్చోబెట్టి, నేను దానికి వెనక వైపు, వాడికి ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళకి నేను కనపడను, నాకు వాళ్ళ మాటలు వినపడతాయి. ఏమైనా మరిచిపోతే సైగ చేద్దామని నా ఆలోచన. వద్దులే అమ్మా అన్నాడు. నోరు కుట్టేసుకుంటానని మాటిచ్చాను.

మొదట్లో బాగానే సాగింది. ఏ వైద్యం ఇష్టం, ఎందుకు ఇష్టం, అలాంటివి. వాడు మెల్లగా చెప్తున్నాడు, వాళ్ళు వింటున్నారు. అప్పుడు ఒక ఆడగొంతు, మెత్తగానే, "మీ రికార్డులో రెండో సంవత్సరం రెండుసార్లు తప్పినట్టుంది. ఏమైంది?" అని అడిగింది.

వాడు ఆగాడు. నేను వాడి ముఖం చూస్తున్నాను. నా కుడికాలు బల్ల కింద నేలని నొక్కుతోంది. చెప్పరా, చెప్పు నాన్నా, ఏదో ఒకటి చెప్పు. కుట్టేసుకున్న నోరు ఎప్పుడు తెరుచుకుందో నాకే తెలీదు.

"నేను వాళ్ళమ్మనండీ" అంటూ కంప్యూటరు పక్క నుంచి తల దూర్చాను. "వాడికి అన్నీ వచ్చండీ, చెప్పడమే రాదు. ఆ ఏడాది నాకు పెద్ద ఆపరేషన్ అయింది, వాడే నన్ను చూసుకున్నాడు."

తెర మీద ముగ్గురున్నారు. మధ్యలో కళ్ళద్దాలావిడ ముందుకి వంగి, నిజంగానే జాలిపడుతూ, "అయ్యో, ఏ ఆపరేషనమ్మా?" అంది.

అబద్ధం చెప్పేటప్పుడు వినేవాళ్ళు ఎవరో చూసుకోవాలి. ముగ్గురు డాక్టర్ల ముందు నాకు ఒక్క ఆపరేషన్ పేరూ తోచలేదు.

"కడుపులోనండీ."

"కడుపులో ఏం తీశారు?"

"అన్నీ తీసేశారండీ."

ముగ్గురిలో ఒకాయన దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మావాడు మెల్లగా, కాస్త కూడా విసుక్కోకుండా, "మా అమ్మకి ఏ ఆపరేషనూ కాలేదండీ. క్షమించండి" అన్నాడు. ఆ తరవాత వాళ్ళు మర్యాదగా ఇంకో రెండు ప్రశ్నలడిగి ముగించేశారు.

వాడు కంప్యూటరు మూశాడు. కోటు విప్పి, గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేశాడు. నేను వాడేమైనా అంటాడేమోనని చూస్తున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనిపించింది.

"కడుపులో అన్నీ తీసేస్తే మనిషి మిగలదమ్మా" అన్నాడు. నవ్వడానికి చూశాడు గానీ నవ్వు రాలేదు. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల చాలాసేపు కుళాయి పారుతూనే ఉంది.

నేను అత్తగారి మంచం దగ్గర కూలబడ్డాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "వాడు చెప్పబోయాడే" అన్నారు. "పెదవులు కదిలాయి, నేనిక్కడి నుంచి చూశాను. నువ్వే ముందు తెరిచావు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను ఏడ్చాను. నన్ను నేను నానా తిట్లూ తిట్టుకున్నాను. ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పెద్దాసుపత్రి నుంచి ఇంకో కబురు రాలేదు.

మిగిలింది దూరపు ఊరి ఆసుపత్రి ఒక్కటే. వాళ్ళు పంపిన వివరాలు వాడు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. అక్కడి రెసిడెంట్లు చుట్టుపక్కల చిన్న క్లినిక్కులకి వంతులవారీగా వెళ్ళాలి. బస్సులుండవు. కాబట్టి కారు నడపడం వచ్చి ఉండాలి, ఇంటర్వ్యూకి లైసెన్సు తీసుకురావాలి.

వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

"వేరేవాళ్ళ దగ్గర నేర్చుకోరా" అన్నాను. "నా వల్ల కాదు. ఒకసారి ముంచాను, చాలు."

"వద్దు. నువ్వే నేర్పు" అన్నాడు. జవాబు అంత తొందరగా చెప్పడం వాడి జన్మలో అదే మొదటిసారి.

చలికాలంలో పొద్దున పూట మంచు పట్టి నేర్చుకునేవాళ్ళు తక్కువ వస్తారు. ఆ ఖాళీలో వాడిని తీసుకెళ్ళేదాన్ని. మొదటి వారం పాత గోల మళ్ళీ మొదలైంది. వాడు సందు మలుపు దగ్గరికి వస్తూనే నా కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోయేది. కారు గుక్కపట్టి ఆగేది. నేను తిట్టేదాన్ని. వాడు మాట్లాడకుండా మళ్ళీ స్టార్టు చేసేవాడు.

ఒకరోజు కూరగాయల మార్కెట్టు పక్క రోడ్డులో ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. నేను తొక్కాను. కారు ఆగింది.

"నేను తొక్కబోతున్నానమ్మా" అన్నాడు.

"ఎప్పుడు? రేపా?"

"బండిని చూశాను. కాలు బ్రేకు మీదే ఉంది, చూడు."

వంగి చూశాను. ఉంది.

"నువ్వు ముందే తొక్కేస్తే, నేను తొక్కేవాణ్ణో కాదో నాకు ఎప్పటికీ తెలీదు" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఏదో చెబుతున్నట్టు కూడా అనలేదు, వాడిలో వాడు అనుకున్నట్టే అన్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తోపుడుబండివాడు తాపీగా దాటాడు. మావాడు గేరు వేశాడు. నేను చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ పైకి తీసి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చాలా ఏళ్ళుగా నేర్పుతున్నాను గానీ ఎవరి పక్కనా అలా కూర్చోలేదు. చౌరస్తా దగ్గర వెనకాల హారన్లు మోగాయి. వాడు అటూ ఇటూ చూసి, మళ్ళీ చూసి, వెళ్ళాడు. నేను సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను కానీ కాళ్ళు కిందికి దించలేదు.

ఇంటి ముందు కారు ఆపాక అడిగాను. అన్నేళ్ళలో వాడికి వందరకాల సాకులు అల్లిచ్చాను గానీ ఈ ప్రశ్న మాత్రం అడగలేదు.

"ఒరే, నిజంగా ఆ ఏడాది నీకేమైంది?"

వాడు ఆలోచించాడు. నేను ఆగాను. ఆగడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

"ఏమీ కాలేదమ్మా" అన్నాడు. "చదివాను. రాలేదు. పేపరు సగంలో ఉండగానే టైమైపోయేది. మళ్ళీ చదివాను, మళ్ళీ రాలేదు. మూడోసారికి వచ్చింది."

"అంతేనా?"

"అంతే."

"వాళ్ళకీ ఇదే చెప్తావా?"

"ఉన్నది ఇదే కదా."

చదివాను, రాలేదు అన్నవాడికి సీటెవరిస్తారు? మింగలేక కక్కలేక లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

డ్రైవింగ్ టెస్టు మొదటిసారి తప్పాడు. అడుగడుక్కీ అనుమానమే, ఖాళీ రోడ్డు మీద కూడా ఆగి చూస్తున్నాడు అని రాసిచ్చాడు పరీక్ష చేసినాయన. బ్రేకు మేడమ్ కొడుకే తప్పాడని లైసెన్సు ఆఫీసంతా చెప్పుకున్నారట. రెండోసారి పాసయ్యాడు. ఇంటర్వ్యూకి ఇంకా వారం ఉంది.

దూరపు ప్రయాణం కాబట్టి నేనూ వెళ్ళాను. దారంతా వాడే నడిపాడు. ఆసుపత్రి పాతది, రెండంతస్తులు, వరండా నిండా బెంచీలు, ఫినాయిలు వాసన. నేను బయటే ఉంటాను, నన్ను లోపలికి రమ్మన్నా రాను అని ముందే చెప్పేశాను. బెంచీ మీద కూర్చున్నానో లేదో వాడు ఒక పెద్దావిడతో బయటికి వచ్చాడు. నెరిసిన జుట్టు, మెడలో స్టెతస్కోపు. ఆవిడే అక్కడి పెద్ద డాక్టరు.

"ఆసుపత్రి బండి ఎటో వెళ్ళిందట. క్లినిక్కు ఒకటి చూపిద్దామనుకున్నాను. మీ కారులో వెళ్దామా? మాట్లాడాల్సింది దారిలోనే మాట్లాడుకోవచ్చు" అంది వాడితో. ఆ తరవాత నన్ను చూసి, "మీరూ రండి, చలిలో కూర్చోవడమెందుకు?" అంది.

తప్పించుకుందామని చూశాను, ఆవిడ వినలేదు. నేను వెనక సీట్లో, ఆవిడ నా సీట్లో. నా దగ్గర బ్రేకు లేదు. శాలువా అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఊరు దాటాక ఆవిడ కాలు చాపుకోబోయి కిందికి చూసింది. "ఇదేమిటి, ఇక్కడో బ్రేకు?"

"అది తొక్కకండి!" అన్నాను. ఆ ప్రయాణంలో నేను మాట్లాడిన మాట అదొక్కటే.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి, కాలు వెనక్కి తీసుకుంది. కాసేపటికి, "రెండో సంవత్సరం ఏమైంది?" అని వాడిని అడిగింది.

అప్పుడే రోడ్డుకి అడ్డంగా ఒక ముసలాయన గొర్రెల్ని దాటిస్తున్నాడు. వాడు కారు ఆపాడు. హారన్ కొట్టలేదు. జవాబూ చెప్పలేదు. గొర్రెలు ఒక్కొక్కటీ దాటుతున్నాయి. శాలువా అంచు నా పళ్ళ కింద నలిగిపోతోంది. ఆఖరి గొర్రె దాటాక కారు కదిలించి చెప్పాడు.

"చదివానండీ. రాలేదు. మళ్ళీ చదివాను. నాకు టైము ఎక్కువ పడుతుంది. డ్రైవింగ్ టెస్టు కూడా రెండోసారికే పాసయ్యాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

ఆవిడ గబుక్కున సీటు బెల్టు సరిచూసుకుంది. "బయట యాభైమంది కూర్చుని ఉంటారు. ఒకాయన మొదలుపెట్టి వదలకుండా చెప్తూనే ఉంటాడు. ఏం చేస్తారు?"

ఈసారి ఇంకా ఆలస్యమైంది. "వింటానండీ. మిగతావాళ్ళకి ఆలస్యమైపోతుంది. అది నాకున్న ఇబ్బందే. క్లినిక్కులో రోజూ తిట్లు తింటాను. తగ్గించుకుంటున్నాను, ఇంకా పూర్తిగా తగ్గలేదు."

ఆవిడ "ఊఁ" అంది. ఆ "ఊఁ" మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. మిగతా దారంతా ఎడమకి తిప్పండి, కుడికి తిప్పండి అనే చెప్పింది. మేం తిరిగి బయల్దేరేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "బాగా నేర్పారు" అంది. కారు గురించే అనుకుంటాను.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో అడక్కండి. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మా అత్తగారు దేవుళ్ళందరి పేర్లూ వరసగా పిలిచి, ఎవరు పలికితే వాళ్ళకే మొక్కు అన్నారు. వాడు మాత్రం క్లినిక్కుకి వెళ్ళొచ్చి, నానమ్మ కాళ్ళకి నూనె రాసి, అన్నం తిని పడుకునేవాడు.

చివరికి ఫలితాలొచ్చే రోజు మధ్యాహ్నమైంది. మా ఆయన బేకరీ నుంచి పిండి చేతులతోనే వచ్చేశారు. అత్తగారిని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. వాడు ఫోను పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. కబురు వచ్చిన చప్పుడైంది.

వాడు తెరిచాడు. చదవడం మొదలుపెట్టాడు. పైనున్న ఆసుపత్రి పేరు చదివాడు. తేదీ చదివాడు. ఈ ఏడాది ఎంతమంది దరఖాస్తు పెట్టారో, వాళ్ళందరికీ కృతజ్ఞతలో, అదంతా చదివాడు. మామూలుగా అయితే ఈపాటికి ఆ ఫోను నా చేతిలో ఉండేది. మా ఆయన నా ముఖం చూస్తున్నారు. నేను చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"మిమ్మల్ని..." అని ఆగాడు. "మిమ్మల్ని మా రెసిడెంటు డాక్టరుగా ఎంపిక చేసినందుకు సంతోషిస్తున్నాం."

మా అత్తగారు "ఏమన్నాడే? ఏమన్నాడు?" అంటున్నారు. మా ఆయన పిండి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు వాడిని ఎత్తుకోవాలనిపించింది, ముప్ఫై ఏళ్ళవాణ్ణి.

వాడు తలెత్తి నన్ను చూశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, ఉండు. సరిగ్గా చదివానో లేదో, మళ్ళీ మొదటి నుంచి చదువుతాను."

"చదువు నాన్నా" అన్నాను. "నిదానంగా చదువు."